పొయ్యి పక్కన పోతున్న కరెంటు

మడకశిర మెట్ట చేలలోని మట్టికి ఎర్రరంగు ఇనుము తుప్పు వల్ల వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలే ఇసుక రేణువులు సిలికా. ఈ రెండింటి నుంచీ ఆక్సిజన్‌ను తొలగించి, మిగిలిన ఇనుమునూ సిలికాన్‌నూ కలిపితే ఐరన్ సిలిసైడ్ తయారవుతుంది. పొలం మట్టి నుంచి ఎవరూ దాన్ని తీయరు. దానికి మేలురకం ఇనుప ఖనిజం, తెల్ల పలుగురాయి, విద్యుత్ కొలిమి కావాలి. అయినా భూమి పైపొరలో సిలికాన్ నాలుగో వంతుకు పైగా, ఇనుము దాదాపు 5 శాతం ఉన్నాయి. ఇంత చవకైన దినుసులతో అయ్యే పదార్థం కరవు సీమకు చేయగల మేలు గురించి ప్రభుత్వాలు ఇంతవరకు గట్టిగా ఆలోచించలేదు. ఇప్పుడైనా ఆలోచించాలి.

ఈ పదార్థం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 1972లో ఏర్పడిన నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ పాల్వంచలో ఫెర్రోసిలికాన్‌తోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. కరిగిన ఉక్కులోని ఆక్సిజన్‌ను లాగేయడానికి వాడే ఈ మిశ్రమంలో ఉండేవి ప్రధానంగా ఐరన్ సిలిసైడ్లే. 75 శాతం సిలికాన్ ఉన్న రకం టన్ను తయారీకి 8 నుంచి 9 వేల యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అందుకే ఈ పరిశ్రమ బతుకు విద్యుత్ చార్జీల మీదే ఆధారపడి ఉంటుంది.

సిలికాన్ 15 శాతం దాకా ఉండే రకానికి మరో పని ఉంది. తొలకరి పడగానే వజ్రకరూరు చేలలో వజ్రాల కోసం జనం కళ్లతో వెతుకుతారు. విదేశాల్లోని పెద్ద వజ్రాల గనుల్లో అదే పని ఫెర్రోసిలికాన్ పొడి కలిపిన నీళ్లు చేస్తాయి. చిక్కటి ఆ ద్రవంలో మామూలు రాయి తేలుతుంది, బరువైన వజ్రం మునుగుతుంది. పొడి అంత తొందరగా తుప్పు పట్టదు. అయస్కాంతంతో దాన్ని తిరిగి లాగి, మళ్లీ వాడుకుంటారు.

ఈ సీమకు అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం బీటా ఐరన్ డైసిలిసైడ్. ఒక ఇనుప పరమాణువుకు రెండు సిలికాన్ పరమాణువులు చొప్పున ఉండే అర్ధవాహకం ఇది. వేడి నుంచి నేరుగా కరెంటు తీయడానికి పనికొస్తుందని 1964లోనే ఆర్.ఎం. వేర్, డి.జె. మెక్‌నీల్ బ్రిటన్‌లో వ్యాసం ప్రచురించారు. దాని పనితీరు కూడా సులువుగానే అర్థమవుతుంది. రెండు చిన్న కడ్డీలు తీసుకుంటారు. ఒకదానిలో కొద్దిగా కోబాల్ట్, రెండోదానిలో కొద్దిగా మాంగనీసు కలుపుతారు. రెండింటినీ ఒక చివర కలిపి నిప్పు వైపు ఉంచి, రెండో చివరలను చల్లగా ఉంచుతారు. మొదటి కడ్డీలో ఎలక్ట్రాన్లు, రెండోదానిలో వాటి ఖాళీలు చల్లని వైపుకు కదులుతాయి. కరెంటు పుడుతుంది. ఒక జత నుంచి వచ్చేది వోల్టులో కొద్ది భాగమే కాబట్టి పదుల జతలను వరసగా కలపాలి. తిరిగే భాగం ఒక్కటీ ఉండదు.

ఈ పనికి ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది బిస్మత్ టెల్యురైడ్. అందులోని టెల్యూరియం చాలా అరుదు. ఎక్కువ భాగం రాగి శుద్ధిలో ఉపఉత్పత్తిగా వస్తుంది. పైగా 250 డిగ్రీలు దాటితే ఆ పదార్థం నిలవడం కష్టం. ఐరన్ డైసిలిసైడ్ గాలిలోనే 900 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పైన ఏర్పడే సిలికా పొరే దానికి రక్ష.

ఇలా వాడుకోదగిన వేడి శ్రీసత్యసాయి, అనంతపురం జిల్లాల్లో రోజూ గాలిలో కలిసిపోతోంది. తాడిపత్రి సిమెంటు బట్టీలు, రోడ్ల మీద తిరిగే కార్ల సైలెన్సర్ గొట్టాలు, ఇటుక బట్టీలు అందుకు ఉదాహరణలు. మడకశిర రైతులు పండించే పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ పొయ్యిలు మరీ ముఖ్యం. అక్కడ ఒకవైపు కట్టెల మంట, మరోవైపు నీళ్లు ఉండనే ఉన్నాయి. పరికరానికి కావలసిన వేడి చివర, చల్లని చివర రెండూ ఒకేచోట దొరుకుతాయి. చిన్న బ్లోయర్ తిరిగేంత కరెంటు వస్తే చాలు, కట్టె బాగా మండి పొగ తగ్గుతుంది. ఆ పొగ పీలుస్తూ గంటల తరబడి పనిచేసే వారికి అది చిన్న మేలు కాదు.

లోపాలను దాచి వాదించడం తగదు. వేడి నుంచి కరెంటు తీసే (థర్మోఎలక్ట్రిక్) పదార్థాల సామర్థ్యాన్ని కొలిచే జెడ్‌టీ విలువ బిస్మత్ టెల్యురైడ్‌కు 1 దగ్గర ఉంటే, దీనికి 0.2 నుంచి 0.4 మాత్రమే. పోతపోసిన ముద్ద నేరుగా బీటా రూపంలోకి రాదు, చాలా గంటలు మళ్లీ కాల్చాలి. వేడి చివర అతుకులు ఊడకుండా చూడటం మరో చిక్కు. కానీ వృథాగా పోయే వేడికి ఇంధనం ఖర్చు లేదు. కాబట్టి ఇక్కడ చూడవలసిన కొలత వాటుకు ఎన్ని రూపాయలు, ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నవే.

ఆ లెక్క తేల్చే సత్తా తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, లోహ చూర్ణాలను నొక్కి కాల్చి వస్తువులు చేసే విద్యలో దేశంలో పేరున్న కేంద్ర సంస్థ. పట్టుపరిశ్రమ శాఖ ఆ సంస్థతో ఒప్పందం చేసుకుని మడకశిర, హిందూపురం ప్రాంతాల్లో కొన్ని రీలింగ్ పొయ్యిలకు ఈ పరికరాలు బిగించాలి. ఏడాది పాటు కట్టెల వాడకం, పొగ, కరెంటు కొలిచి, ఫలితాలు మంచివైనా చెడ్డవైనా తెలుగులో ప్రకటించాలి. ఖర్చు రీలర్ల మీద పడకూడదు. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు కేటాయించేలా ఈ ప్రాంత శాసనసభ్యులు పట్టుబట్టాలి.