భయమా, మూర్ఛా?

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్ళు. మూడు నెలలుగా ఉన్నట్టుండి "అమ్మా, భయమేస్తోంది" అంటూ నన్ను పట్టుకుంటోంది. మొహం పాలిపోతుంది. కాసేపటికి సర్దుకుంటుంది. ఒక డాక్టరుగారు ఫిట్స్ కావచ్చు, మందు మొదలుపెడదామన్నారు. ఇ.ఇ.జి.లో ఏమీ లేదట. మా అత్తగారేమో బడి ఎగ్గొట్టటానికి వేషాలంటున్నారు. మందు వెయ్యమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, అంతా రాశారు గాని అసలు సంగతి రాయలేదు. ఆ సమయంలో మీరు పిలిస్తే పిల్ల పలుకుతుందా?

వట్టి గాభరా అయితే పలుకుతుంది. గుండె దడదడలాడుతోందనీ, ఊపిరాడటం లేదనీ చెబుతుంది. అది తగ్గటానికి పది నిమిషాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. తర్వాత జరిగిందంతా చెప్పగలదు. గబగబా ఊపిరి తీయటం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, మూతి చుట్టూ తిమ్మిరెక్కి, వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇది చూసే చాలామంది ఫిట్స్ అని పరుగెత్తుకొస్తారు.

మూర్ఛ అంటే కింద పడి కొట్టుకోవటం, నోట నురగ అనే అనుకుంటాం. కాని మెదడులో కణత భాగాన పుట్టే మూర్ఛ భయంతోనే మొదలు కావచ్చు. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టుంటుంది. చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తుంది, గౌను అంచు నలుపుతుంది, పిలిస్తే పలకదు. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయి, ఆపైన మగతగా ఉంటుంది. ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు ఒకటే తీరు. నిద్రలోనూ రావచ్చు. కొందరికి తెలివి తప్పకుండా భయం మాత్రమే క్షణకాలం మెరిసి పోతుంది. అందుకే ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తేల్చకూడదు. ఒకే పిల్లకు రెండూ ఉండటం కూడా కద్దు.

ఇ.ఇ.జి. బాగుంటే మూర్ఛ లేదని కాదు. తీసిన ఆ కాసేపు మెదడు మామూలుగా ఉందని, అంతే. దానికన్నా మీ చేతిలోని ఫోనే మాకెక్కువ ఉపయోగం. ఈసారి వచ్చినప్పుడు మొహమూ చేతులూ కనపడేలా వీడియో తీయించండి. గడియారం చూడండి. "నెమలి" అని ఒక మాట చెప్పి, తేరుకున్నాక ఏం చెప్పానో అడగండి. ఇదంతా పిల్లల నరాల వైద్యుడికి చూపించాకే మందు సంగతి. ఒకవేళ ఇప్పటికే వేస్తూంటే మీ అంతట మీరు ఆపెయ్యకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ముంచుకొస్తాయి. పరుగెడుతూ ఎప్పుడైనా కుప్పకూలిందా? అయితే ఆలస్యం చెయ్యక గుండెకు ఇ.సి.జి. తీయించండి.

మీ అత్తగారికి చెప్పండి, భయమని తేలినా అది వేషం కాదు. మూడు నెలల నాడు బడిలో ఏం మారిందో కనుక్కోండి. కొత్త టీచరా? బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా? గాభరా పడ్డప్పుడు పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీయించండి. మూతికి కాగితం సంచి పెట్టే పాత పద్ధతి వద్దు.

ఎప్పుడైనా కొట్టుకుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో చెంచా ఏవీ వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. సంగతి తేలేదాకా స్నానాల గది గడియ వేసుకోనివ్వకండి, చెరువు దగ్గరా డాబా మీదా ఒంటరిగా వదలకండి. బడి మాత్రం మాన్పించకండి.