ఆదివారపుటంగడి

పండుగ సమీపించెననగా మనలో పెక్కండ్రము ఆదివారమునాడే బట్టల యంగడికి బయలుదేరుదుము. ఆనాడు ఇంటివారికి కచేరి లేదు, పిల్లలకు బడి లేదు. తీరుబడిగా కూర్చుండి, ఇరువది చీరలు విప్పించి, ఒకటి కొని సంతోషముతో ఇల్లు చేరుదుము. మనము వెడలివచ్చిన పిమ్మట ఆ చీరలన్నియు మరల మడతపెట్టు పడుచు ఉదయము మొదలు నిలుచుండియే యున్నది. ఆమెకును ఇల్లు కలదు, పిల్లలు కలరు. ఆమె ఆదివార మెన్నడు? సోదరీమణులారా, ఈ మాసమున ఈ ప్రశ్నను మీ ముందుంచుచున్నాము.

ఇంగ్లండు దేశమువారు దీనికి నూరేండ్లకు పైగా సమాధానము వెదకుచు వచ్చిరి. వారు చేసిన శాసనములును, వేసిన తప్పటడుగులును మనము తెలిసికొనదగినవి.

తొలుత అచ్చట ఆదివారపు నిషేధము మతాచారమునకు సంబంధించినది. 1677లో పుట్టిన చట్టము దైవప్రార్థన దినమున వర్తకము కూడదనెనే గాని, పనివారి అలసటను తలపెట్టలేదు. ఆ అలసట శాసనకర్తల కంటబడుటకు మరి రెండు శతాబ్దములు పట్టెను. 1886 నాటి చట్టము, పదునెనిమిదేండ్లు నిండని అంగడి పనివారిచేత వారమునకు 74 గంటలకు మించి పని చేయింపరాదనెను. తగ్గించిన పిమ్మట 74 గంటలైనచో, అంతకు మునుపటి స్థితి యెట్టిదో మీరే యూహింపుడు! 1899లో స్త్రీల కొరకే యొక చట్టము వచ్చెను. సరకులమ్ము గదిలో ప్రతి ముగ్గురు స్త్రీలకు ఒక ఆసనమైనను ఉంచవలెనని దాని విధి. కూర్చుండుటకు సైతము చట్టము కావలసివచ్చెను!

ఆదివారము అంగళ్లు మూయవలెనను నియమమును 1936లో స్థిరపరచి, 1950 నాటి చట్టములో చేర్చిరి. అందు మినహాయింపులు వింతగా నుండెను. పచ్చిపాలు అమ్మవచ్చును, డబ్బాపాలు అమ్మరాదు. తాజా కూరలు అమ్మవచ్చును, డబ్బాలోనివి అమ్మరాదు. వేయించిన చేపలు ఇతరుల అంగడిలో అమ్మవచ్చును గాని, వానిని అమ్ముటకే పెట్టిన అంగడిలో అమ్మరాదు. జనులు నవ్విరి, వర్తకులు పలువురు బాహాటముగా ధిక్కరించిరి. నవ్వులపాలైన శాసనము ఎవరిని కాపాడగలదు?

1986లో థాచరు ప్రభుత్వము ఆంక్షలన్నియు తొలగింపనెంచి బిల్లు తెచ్చెను. క్రైస్తవ సంఘములును, అంగడి పనివారి సంఘమును ఎదిరించెను. స్వపక్షమువారే పలువురు ఎదురు తిరుగుటచే ఏప్రిలు 14వ తేదీన ఆ బిల్లు కామన్సు సభలో 14 వోట్ల తేడాతో ఓడిపోయెను. తుదకు 1994లో రాజీ కుదిరెను. ఇంగ్లండు, వేల్సులలో చిన్న అంగళ్లు ఆదివారము ఇచ్చవచ్చినంతసేపు తెరువవచ్చును. 280 చదరపు మీటర్లకు, అనగా ఇంచుమించు 3,000 చదరపుటడుగులకు మించిన పెద్దవి ఉదయము 10 మొదలు సాయంకాలము 6 లోపల వరుసగా 6 గంటలు మాత్రమే తెరువవలెను. శనివారము విశ్రమించు యూదు వర్తకులకు వేరు ఏర్పాటు చేసిరి.

మనము ముఖ్యముగా గమనింపవలసినది ఆ చట్టమునందలి రెండవ భాగము. అంగడి పనివారు ఆదివారము పని చేయనొల్లమని వ్రాతమూలకముగా యజమానికి తెలుపవచ్చును. మూడు నెలలు గడచిన పిమ్మట వారిచేత ఆదివారము పని చేయింపరాదు. ఆ కారణముచే పనినుండి తొలగించుట అన్యాయమని చట్టము చెప్పుచున్నది. ఆదివారము కొరకే నియుక్తులైనవారికి మాత్రము ఈ హక్కు లేదు. స్కాట్లండులో అంగళ్లు మూయవలెనను నియమము లేదు. పనివారి హక్కు మాత్రము అచ్చటికి 2004లో చేరెను.

ఇది చాలునా? చాలదని మా యభిప్రాయము. ఆదివారము వలదన్న పనివానికి బదులుగా వేరొక దినమున పని యియ్యవలెనను నిర్బంధము యజమానికి లేదు. కావున విశ్రాంతి కోరిన పడుచు కూలి కోలుపోవలసివచ్చును. పదిమంది తోడివారు వచ్చుచుండగా తానొక్కతె రానని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెను! అంగడి మూతపడినచో ఎవ్వరును ఎవ్వరిని అడుగనక్కరలేదు, అందరకును ఒక్కసారిగా తెరపి దొరకును. అందుచేతనే గంటల కట్టుబాటు వదలుకొనుటకు పనివారు సమ్మతింపలేదు. 2016 మార్చిలో ప్రభుత్వము ఆ కట్టుబాటును సడలింపజూడగా 317 వోట్లు ఎదురుగను, 286 అనుకూలముగను వచ్చి ఆ యత్నము విఫలమాయెను.

ఉద్యోగినులగు గృహిణులకు ఆదివారము గాక వేరు తీరిక లేదని కొందరందురు. అది నిజమే. అయినను ఆరు గంటల అంగడి వారి యవసరమునకు చాలును. ఒకరి సౌకర్యమునకై వేరొకరి సెలవు పూర్తిగా హరింపనక్కరలేదు.

మన దేశమునను ఈ పోరాటము క్రొత్తది గాదు. బొంబాయి మిల్లు పనివారికి ఆదివారపు సెలవు 1890లో దొరకినది. అందుకు నాయకత్వము వహించినవారు నారాయణ మేఘాజీ లోఖండేగారు. 1988లో ఆంధ్రప్రదేశమున చేసిన దుకాణముల చట్టము పనివారికి వారమునకొక పూర్తి దినము విశ్రాంతి విధించెను. ఇంగ్లండులో 1899లో దొరకిన ఆసనము కేరళమున అంగడి స్త్రీలకు 2018లోను, తమిళనాడులో 2021లోను చట్టరూపమున లభించెను. ఆ విజయము కేరళమున కోళిక్కోడు నగరపు అంగడి స్త్రీలు సంఘముగా కూడి పోరాడుటచే కలిగినది.

చట్టములు చేయుట మన చేతిలో లేదు గాని, కొనుట మన చేతిలోనిదే. పండుగ బట్టలు పదిదినములు ముందుగా, పనిదినమున కొనుడు. అంగడి మూయు వేళకు పోయి అరలన్నియు దింపింపకుడు. అమ్ముపడుచు కూర్చుండుటకు పీట యున్నదా యని చూడుడు. లేనిచో యజమానితో మర్యాదగా ఒక మాట యనుడు. ప్రతిదినము వచ్చు కొనుగోలుదారుల మాట ఆయన చెవికెక్కును. ఈ పండుగకు మీరు చీర యెంచుకొనునప్పుడు, "నీకు వారపు సెలవు ఎన్నడమ్మా?" యని ఆ పడుచు నడిగి చూడుడు. ఆమె చెప్పిన దినమును మన్నించుట మనతోడనే ఆరంభము కావలెను.