తుపాకికి లైసెన్సు ఉంది, బాగుచేసే చేయి లేదు

పలమనేరు: కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం, కుప్పం ప్రాంతాల్లో వేరుశనగకు ఊడలు దిగిన నాటి నుంచి రైతుకు కంటి మీద కునుకు ఉండదు. అడవి పందుల గుంపు ఒక్క రాత్రి చేలో పడితే తిన్నదానికంటే కుళ్లగించి పోయిందే ఎక్కువ. మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవారు కొందరు, టపాసులు కాల్చేవారు కొందరు. తాతల నాటి నుంచి లైసెన్సు ఉన్న ఇళ్లలో మాత్రం మూతి నుంచి మందు దట్టించి పేల్చే ఒంటిగొట్టం తుపాకి ఉంటుంది. గుండు వేయకుండా ఉత్తి మందుతో పేల్చినా ఆ చప్పుడుకు పందులు అడవి దారి పడతాయి. ఆ తుపాకి మొరాయిస్తే ఎవరి దగ్గరకు తీసుకుపోవాలన్నదే రైతుకు తెలియడం లేదు.

ఈ తుపాకిని రైతు దొంగచాటుగా దాచుకున్నది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే పంట రక్షణకు నిజంగా అవసరమైనప్పుడు మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ఉంది. అది చాలదని తోస్తే వేరే రకం తుపాకికి ఇవ్వవచ్చునని కూడా ఉంది. అంటే పొలం కాపలాకు ఇంత పాతకాలపు సాధనాన్ని రైతు చేతిలో పెట్టింది చట్టమే.

అదే చట్టం 5వ సెక్షన్ తుపాకి తయారుచేసేవాడికే కాక మరమ్మతు చేసేవాడికీ లైసెన్సు ఉండాలంటుంది. ఇందులోనూ తప్పు పట్టవలసింది లేదు. ఎవరు పడితే వారు తుపాకులు విప్పి బిగించే రోజు రాకూడదు. కాగా, మండల కేంద్రంలో ట్రాక్టరు మెకానిక్ ఉన్నాడు, మోటారు వైండింగ్ చేసేవాడు ఉన్నాడు, స్ప్రేయరుకు వాషర్లు అమ్మేవాడు ఉన్నాడు. లైసెన్సు ఉన్న తుపాకి మరమ్మతుదారు మాత్రం లేడు. ఆయన కోసం పెద్ద పట్నానికి పోవాలి. తుపాకి భుజాన వేసుకుని బస్సెక్కాలంటే కాగితాలు వెంట ఉన్నా నలుగురూ అనుమానంగానే చూస్తారు. తీరా పోయాక అక్కడివారు ఇంత పాత దానికి సామాను లేదంటే రానూపోనూ ఛార్జీలు దండుగ.

ఇక మిగిలింది ఊరి కొలిమి. అక్కడే ముప్పు కాచుకుని ఉంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించిన తర్వాత లైసెన్సు లేకుండా ఆయుధం తయారుచేసినా, మరమ్మతు చేసినా కనీస శిక్ష 7 ఏళ్లు. యావజ్జీవం దాకా పోవచ్చు. అంతకు ముందు అది 3 నుంచి 7 ఏళ్లుగా ఉండేది. వేటగాళ్లకు కొత్త నాటు తుపాకి చేసి అమ్ముకునేవాడూ, లైసెన్సుదారు రైతు తుపాకికి విరిగిన కమాను వేసి ఇచ్చిన కమ్మరీ ఒకే సెక్షన్ కింద నిలబడవలసి వస్తుంది. గొట్టం మూతి చీలింది గదా అని జానెడు కోయించడం కూడా 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా చేయరాని పని. ఈ సంగతి ఊళ్లలో ఎంతమందికి తెలుసు? లైసెన్సు పుస్తకం ఇచ్చేటప్పుడు ఈ నాలుగు ముక్కలూ రైతుకు తెలుగులో చెప్పడానికి పట్టేది ఐదు నిమిషాలు.

నిజానికి ఈ తుపాకి యంత్రం చిదంబర రహస్యమేమీ కాదు. గొట్టం అడుగున నిప్పిల్ అనే చిన్న మర బొడిపె ఉంటుంది. దాని నెత్తిన రాగి క్యాపు. మీట నొక్కితే లోపలి కమాను బలంతో సుత్తి వచ్చి క్యాపును కొడుతుంది. పుట్టిన నిప్పు నిప్పిల్ రంధ్రం గుండా పోయి మందును అంటుకుంటుంది. అంతే. అయితే ఇంత చిన్న యంత్రమూ పాడైతే ప్రాణం మీదకు తెస్తుంది. ఏళ్ల తరబడి వాడగా నిప్పిల్ రంధ్రం కాలి వెడల్పవుతుంది. అప్పుడు మంట కొంత వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు తన్నుతుంది. మర సరిపోని నిప్పిల్‌ను బలవంతంగా బిగిస్తే అది ఏదో ఒకనాడు ఊడి గుండులా లేస్తుంది. సుత్తిని సగం ఎత్తులో ఆపే గాడి అరిగిపోతే తుపాకి భుజాన ఉండగానే పేలవచ్చు. కమాను నీరసించినదైతే దెబ్బ చాలక క్యాపు పేలదు. ఒక్కోసారి పేలలేదనుకున్నది ఆలస్యంగా పేలుతుంది. అలాంటప్పుడు మూతిని మనుషులు లేని దిక్కుకు పట్టుకుని కాసేపు ఆగాలే తప్ప వంగి మూతిలోకి చూడరాదు.

వీటిలో సగం మరమ్మతులు అసలు రాకుండా చూసుకోవచ్చు. తుపాకి మందు కాలినప్పుడు రమారమి సగమే వాయువై పోతుంది. మిగతాదానిలో కొంత మసిగా, ఉప్పుగా గొట్టంలోనే ఉండిపోయి గాలిలోని తేమను పీలుస్తుంది. పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె పట్టిస్తే తుప్పు దగ్గరకు రాదు. మరునాడు చూద్దాంలే అనుకున్న తుపాకి గొట్టం లోపల గుంటలు పడుతుంది. ఆ గుంటలను పూడ్చే విద్య ఏ కమ్మరి దగ్గరా లేదు.

రైతు శ్రద్ధ తీసుకున్నా అతని చేతిలో లేని రోజులు కొన్ని ఉన్నాయి. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్‌లో అప్పగించమనడం పరిపాటి. శాంతిభద్రతల కోసం అది అవసరమే కావచ్చు. 2024 సార్వత్రిక ఎన్నికలప్పుడు మార్చి 16న నియమావళి అమలులోకి వస్తే జూన్ మొదటి వారం దాకా నడిచింది. అన్నాళ్లు గోడకు ఆనించి ఉంచిన ఇనుముకు ఎవరు నూనె రాస్తారు? రసీదులో తుపాకి నంబరు రాస్తున్నారు గానీ, ఏ స్థితిలో తీసుకున్నారో కూడా రాస్తే తర్వాత తగవు ఉండదు.

ఇంత పాత వస్తువుకు విడిభాగాలు ఎవరు చేస్తారని కొందరు అడగవచ్చు. ఇటలీలో బ్రెషియా నగరం ఎగువన గార్డోనే అనే లోయ ఊరు ఉంది. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వరు నమూనాలను 1950ల చివరి నుంచి అక్కడ కొత్తగా పోతపోసి అమ్ముతున్నారు. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండిన 1961-65 కాలంలో వాటికి గిరాకీ పెరిగింది. మన రైతు తుపాకి మాదిరే వాటికీ మందు, క్యాపు, నిప్పిల్. కాకపోతే ఆరు గదులు, ఆరు నిప్పిళ్లు. వాటికీ జబ్బులు ఉన్నాయి. మీటను వెనక్కి నెట్టే రెండు కాళ్ల రేకు కమాను విరుగుతూ ఉంటుంది. ఒక కంపెనీ భాగం ఇంకో కంపెనీ రివాల్వరులో తిన్నగా కూర్చోదు, ఆకురాయితో రాచి సరిచేసుకోవాలి. అయినా కమాను కావాలన్నా, నిప్పిల్ కావాలన్నా అమెరికాలో పోస్టులో ఇంటికి వస్తుంది. అక్కడి 1968 నాటి చట్టం ఈ కోవవాటిని పురాతన వస్తువులుగా ఎంచి చాలావరకు వదిలేసింది. అంత విచ్చలవిడితనం మనకు అక్కరలేదు. కానీ సరదాకు కాల్చుకునేవారి కోసం నూట డెబ్బై ఏళ్ల నాటి నమూనాకు సామాను తయారవుతున్నప్పుడు, పంట కాపాడుకునే రైతుకు ఒక నిప్పిల్ చేయించడం మన దేశంలో అసాధ్యమంటే నమ్మడం కష్టం. బీహారులోని ముంగేరులో, జమ్మూలో ప్రభుత్వ లైసెన్సుతో తుపాకులు చేసే కార్ఖానాలు ఉన్నాయి కూడా.

అసలు ఈ తుపాకులు మూలపడి పోతేనే మంచిదనేవారు లేకపోలేదు. వారి మాటలో కొంత న్యాయం ఉంది. లైసెన్సు ఉంది గదా అని పందిని కాల్చడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి వేరే కావాలి. ఆ అనుమతి లేకుండా వేటాడేవారిని ఎవరూ వెనకేసుకు రానక్కరలేదు. అయితే తుపాకి మూలపడితే పంది రావడం మానదు. చప్పుడు చేసే సాధనం పోయిన చోట చేను చుట్టూ దొంగ కరెంటు తీగ వెలుస్తుంది. ఆ తీగకు పంది, ఏనుగు, నీళ్లు కట్టడానికి పోయే పక్క పొలం మనిషి అనే తేడా లేదు. నాటు బాంబు ఉండ పెడితే మేతకు పోయిన ఆవు నోరు పగులుతుంది. నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించి, పోలీసుల ఎరుకలో ఉన్న తుపాకి వీటికంటే నయం. కాకుంటే అది పనిచేసే స్థితిలో ఉండాలి.

కలెక్టరు తలచుకుంటే దీనికి పెద్ద ఖర్చు లేదు. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పని నేర్చిన యువకుల్లో, కొలిమి పనిలో చేయి తిరిగిన వారిలో యోగ్యులను ఎంచి, పోలీసు విచారణ జరిపించి, ఈ ఒక్క రకం తుపాకుల మరమ్మతుకే లైసెన్సు ఇప్పించవచ్చు. అందాకా లైసెన్సు ఉన్న మరమ్మతుదారుని ఏడాదికి రెండుసార్లు పలమనేరుకు, కుప్పానికి రప్పించి స్టేషన్ ఆవరణలోనే, పోలీసుల కళ్లెదుటే పని చేయించవచ్చు. ఏ నంబరు తుపాకికి ఏ భాగం వేశారో రిజిస్టరులో ఎక్కిస్తే దొంగ మరమ్మతుకు తావుండదు. గొట్టం గుంటలు పడి పనికిరాదని తేలిన వాటిని అక్కడే పక్కన పెట్టించి, రైతుకు బదులు తుపాకి కోసం దరఖాస్తు రాయించాలి. మరమ్మతుదారు లైసెన్సులో చూపిన చోటు దాటి పని చేయడానికి నిబంధనలు అడ్డు వస్తాయంటే, అందుకు అనుమతి తెప్పించవలసింది కలెక్టరేట్ వారే గాని రైతు కాదు.

ఖరీఫ్ వేరుశనగకు ఊడలు దిగేలోగా మొదటి విడత జరిపించాలని అడవి అంచు గ్రామాల రైతులు కోరుతున్నారు.