గుండె దడా, గుండె జబ్బా?



కొంతకాలము క్రితము కార్వేటినగరము నుండి ఒక సహోదరి రాసిన ఉత్తరము మాకు చేరింది. నోటుపుస్తకములో నుండి చించిన మూడు కాగితాలు. "రాత్రిపూట ఉన్నట్టుండి గుండె దబదబా కొట్టుకుంటా ఉంది. ఊపిరాడదు. చేతులు తిమ్మిరెక్కిపోతాయి. చచ్చిపోతానేమో అని పిల్లోళ్లను లేపి పక్కన కూర్చోబెట్టుకుంటా ఉండాను. మూడుసార్లు ఈసీజీ తీసినారు. ఏమీ లేదంటారు. ఏమీ లేకపోతే ఇదేమిటమ్మా?" అని అడిగింది. చివరి కాగితము అడుగున ఇంకొక మాట ఉంది. నిరుడు ఆమె తండ్రికి ఎదురొమ్ములో బరువుగా ఉంటే ఇంట్లోవాళ్లు గ్యాసనుకొని సోడా తాగించారట. తెల్లవారినాక బస్సులో పుత్తూరుకు తీసుకొని పోతుంటే దారిలోనే ప్రాణము పోయింది.

గుండె జబ్బును గ్యాసనుకున్నందుకు తండ్రి పోయాడు. నీది గుండె జబ్బు కాదమ్మా అని ఇప్పుడు ఎవరు చెప్పినా ఆ కూతురు ఎలా నమ్ముతుంది? ఈ ఉత్తరానికి నాలుగు ముక్కలలో జవాబు రాసి పంపడము మాకు సరి అనిపించలేదు. అటువైపు ఒక కూడికకు వెళ్లినప్పుడు వాళ్ల ఇంటికి వెళ్లి, వసారాలో కూర్చొని మాట్లాడాము.

ఆమెకు ముప్పై దాటి నాలుగేళ్లు. భర్త కువైట్‌లో పని చేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఒక పాడి ఆవు. మేము అడిగిన మొదటి ప్రశ్న, అది వచ్చినప్పుడు ఎంతసేపు ఉంటుంది అని. పది నిమిషాల్లో తారస్థాయికి పోయి, అరగంటలో దానంతటదే దిగిపోతుందని చెప్పింది. నొప్పి ఎక్కడమ్మా అంటే ఎడమ రొమ్ము కింద ఒక్క వేలు పెట్టి చూపించింది. సూదితో పొడిచినట్టు ఉంటుందట. పేడ ఎత్తేటప్పుడు, గడ్డిమోపు మోసేటప్పుడు ఎప్పుడూ రాలేదు. పని అంతా అయిపోయి పడుకున్నాకనే వస్తుంది. వేళ్ల కొసలు, పెదవుల చుట్టూ జివజివలాడుతాయని కూడా చెప్పింది.

ఈ చివరి లక్షణానికి కారణము ఉంది. భయము పుట్టినప్పుడు శరీరము పరుగుకు సిద్ధమవుతుంది. అడ్రినలిన్ రక్తములోకి వస్తుంది, గుండె వేగము పెరుగుతుంది, ఊపిరి గబగబా ఆడుతుంది. అవసరానికి మించి ఊపిరి పీల్చి వదిలితే రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దానివల్లనే తిమ్మిర్లు, తల తిరగడము. ఊపిరి చాలడము లేదని ఇంకా గట్టిగా పీలుస్తాము, అది ఇంకా ఎక్కువవుతుంది. వైద్యులు దీనిని పానిక్ అటాక్ అంటారు. అది నటన కాదు. 1871లో డా కోస్టా అనే అమెరికా వైద్యుడు, అక్కడి అంతర్యుద్ధములో పనిచేసిన సిపాయిలకు వచ్చిన ఇట్టి గుండెదడను, రొమ్ము నొప్పిని గూర్చి వివరముగా రాశాడు. గుండెలో లోపము కనబడని వాళ్లు వాళ్లలో అనేకులు ఉన్నారు. తుపాకులు పట్టిన మగవాళ్లకు వచ్చినది మన ఇళ్లలో ఆడవాళ్లకు వస్తే మాత్రము వేషాలంటాము.

ఇక గుండెపోటు తీరు వేరు. రొమ్ము నడిమధ్యన బండ పెట్టినట్టు బరువు, లేదా పట్టేసి పిండినట్టు ఉంటుంది. రోగి వేలితో కాదు, పిడికిలి రొమ్మున పెట్టి చూపిస్తాడు. ఆ నొప్పి ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో, కడుపు పైభాగానికో పాకవచ్చు. చల్లని చెమటలు, వాంతి వచ్చినట్టుండడము తోడవుతాయి. కడుపు పైభాగములో వచ్చినప్పుడే జనము దానిని గ్యాసనుకొని సోడా, వాము వెతుకుతారు. నడిచినప్పుడు వచ్చి, కూర్చుంటే పోయేది ఇంకొక రకము. దానిని ఆంజైనా అంటారు. రక్తనాళము సన్నబడిందని గుండె ముందుగా పంపే కబురది.

అయితే పాఠకులు ఈ గుర్తులను పట్టుకొని ఇంట్లోనే తీర్పు తీర్చుకోకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి, పెద్ద వయసువారికి, స్త్రీలకు నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. వట్టి ఆయాసము, చెమట, చెప్పలేని నీరసము, అంతే. మొదటిసారి వచ్చిన రొమ్ము నొప్పిని ఆందోళన అని తేల్చే అధికారము ఇంట్లో ఎవరికీ లేదు, ఫోనులో వినే మాకూ లేదు. పదిహేను నిమిషాలు దాటి తగ్గకపోతే 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టులో మన రాష్ట్రములో మొదలైన ఈ అంబులెన్సులో ప్రాణవాయువు, శిక్షణ పొందిన మనిషి ఉంటారు. మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని పోవడము, తెల్లవారి బస్సు కోసము ఆగడము రెండూ ప్రమాదమే. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను మొదటి గంటలలో ఇస్తే చేసినంత మేలు తరువాత చేయదు.

ఈసీజీ గూర్చి కూడా ఒక మాట. గుండెపోటు మొదలైన కొత్తలో ఒక్క ఈసీజీ మామూలుగానే కనబడవచ్చు. అందుకే కొంతసేపటికి మరలా తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. ఆ సహోదరికి తీసిన మూడు ఈసీజీలూ దడ తగ్గిపోయాక తీసినవే. గుండె లయ తప్పే జబ్బులు దడ ఉన్నప్పుడే ఈసీజీలో దొరుకుతాయి. చిన్నతనములో కీళ్లజ్వరము వచ్చి గుండె కవాటము దెబ్బతిన్న స్త్రీలకు కూడా ఈ వయసులోనే దడ, ఆయాసము మొదలవుతాయి. మన దేశములో ఇది అరుదు కాదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తము తక్కువైనా ఇదే తీరు. కాబట్టి తిరుపతికి పోయి ఒక్కసారి ఎకో, థైరాయిడ్, రక్తపరీక్ష చేయించుకో, అవి బాగుంటే ఇక మరలా మరలా ఈసీజీ కోసము పరుగెత్తవద్దు అని చెప్పాము.

చేయించుకుంది. రక్తము కొంచెము తక్కువ, గుండె బాగుంది. ఆ తరువాతనే అది ఆందోళన అని ఆమెతో గట్టిగా చెప్పగలిగాము. దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలమని నేర్పాము. ముఖానికి కాగితపు సంచి పెట్టుకొని ఊపిరి పీల్చే పాత పద్ధతి వద్దన్నాము. నిజముగా గుండెలోనో ఊపిరితిత్తులలోనో జబ్బు ఉంటే అది కీడు చేస్తుంది. ఒక మందుల అంగడిలో చీటీ లేకుండా ఇచ్చిన ఆల్ప్రాజోలం బిళ్లలు ఆమె సంచిలో ఉన్నాయి. అవి అలవాటు పడే బిళ్లలు. రోజూ వేసుకునేవారు ఒక్కసారిగా ఆపినా కష్టమే, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి. మానసిక వైద్యుని దగ్గర మాటల ద్వారా చేసే చికిత్స, అవసరమైతే అలవాటు పడని మందులు ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

విశ్వాసము తక్కువై ఇది వచ్చిందని ఎవరో ఆమెతో అన్నారట. చక్కెర వ్యాధి వచ్చినవారిని మనము ఆ మాట అనము. తండ్రి పోయి ఏడాది, భర్త సముద్రానికి ఆవల. ఆమె భయానికి కారణాలు వెతకనవసరము లేదు.

ఆనాడు మేము లేచి బయలుదేరుతుండగా అత్తగారు మాట కలిపింది. "దీనికి ఊరికే భయము డాక్టరమ్మా. నేను చూడు, పొద్దున్నే పాల క్యాను ఎత్తుకొని పాలకేంద్రానికి పోతానా, దోవలో ఎదురొమ్ము పట్టేస్తాది. గట్టు మింద రవ్వంతసేపు కూర్చుంటే సరిపోతాది. గ్యాసు. దానికి నేను ఏడుస్తానా?" అంది. ఎన్నాళ్లుగా అని అడిగితే, మామిడి కాపు అప్పటి నుంచి అంది. చెప్పేటప్పుడు పిడికిలి రొమ్ము మీదనే పెట్టుకొని ఉంది. మేము మరలా కూర్చున్నాము.

కోడలి పరీక్షలకంటే ముందు ఆమెనే పంపించాము. ఒక రక్తనాళము చాలా వరకు మూసుకొని పోయిందట, స్టెంటు వేశారు. కోడలికి ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు రాత్రి దడ వస్తుంది, లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. పాల క్యాను ఇప్పుడు ఆమే మోస్తోంది.