తీర్పు చెప్పిన ప్రజలపై తీర్పు

2016 జూన్ 23వ తేదీన బ్రిటను ప్రజలు ఐరోపా సమాఖ్యనుండి వెడలిపోవలెనని వోటు చేసిరి. వెడలుదమన్నవారు 1,74,10,742 మంది. ఉందమన్నవారు 1,61,41,241 మంది. వోటర్లలో నూటికి 72 మంది వచ్చి చెప్పిన మాట యిది. అయితే, ఫలితము తేలిన నాటినుండి ఆ దేశప్రజలు ఒకరినిగూర్చి యొకరు ఏమని పలికిరో అది మాకు వోటుకన్నను ముఖ్యముగా తోచుచున్నది. వోటు ఒక్కదినముతో ముగిసినది. ఆ మాటలు సంవత్సరముల తరబడి ఆ రాజ్యమును కలతపెట్టినవి.

మొదట గెలిచినవారి మాట. వెడలుదమన్న పక్షపు నాయకులలో నొకడైన నైజెల్ ఫరాజు, లెక్క పూర్తిగా ముగియకమునుపే, జూన్ 23ను తమ స్వాతంత్ర్యదినముగా ఎన్నుకొనవలెనని ప్రకటించెను. ఈ వార్త చదివి మనదేశమున నవ్వుకొననివారు తక్కువ. సముద్రములు దాటిపోయి పరదేశముల నేలిన జాతికి స్వాతంత్ర్యదినము కావలసివచ్చెనా! నవ్వు సహజమే గాని, నవ్వి ఊరకుండక కొంచెము పోల్చి చూతము. బ్రిటను 1973లో తనంతట తాను ఆ కూటమిలో చేరినది. 1975లో ప్రజల నడుగగా నూటికి 67 మంది ఉందమనిరి. కూటమి సభలలో ఆ దేశప్రతినిధులు కూర్చుండిరి. ఇష్టములేని యూరో నాణెమును ఎవ్వరును వారిపై రుద్దలేదు. వెళ్లదలచినవారికి లిస్బను సంధిలోని 50వ అధికరణమున దారి తెరచియే యుండెను. వెళ్లుదమన్నందులకు ఎవ్వరును చెరసాల చూడలేదు. ఇట్టి సంబంధమునకు దాస్యమని పేరు పెట్టుట, నిజమైన దాస్యము నెరిగినవారి చెవికి ఎబ్బెట్టుగా నుండును. మనలను ఆ సామ్రాజ్యమున చేరుదురా యని ఎవరడిగిరి?

అయినను మా చట్టములు మేమే చేసికొందుము, మా పన్నులు మేమే వ్యయపెట్టుకొందుము అను కోరికను పరిహసించు హక్కు స్వరాజ్యమునకై పాటుపడిన జాతికి లేదు. కోరిక గౌరవింపదగినదే. దానిని పెంచిన మాటలలో కొన్ని మాత్రము గౌరవింపదగినవి కావు. వారమునకు 35 కోట్ల పౌనులు బ్రస్సెల్సుకు పోవుచున్నవని ఒక యెఱ్ఱబస్సుపై వ్రాసి ఊరూర త్రిప్పిరి. తిరిగివచ్చు సొమ్మును తీసివేయక చెప్పిన అంకె అది. ఆ దేశపు గణాంక పర్యవేక్షక సంస్థయే అది జనులను పెడదారి పట్టించునదని చెప్పినది. అయినను బస్సు తిరుగుట మానలేదు.

ఓడినవారి మాటలు వేరొక తీరున చేదైనవి. ప్రధానమంత్రి కామెరాను మరునాడే రాజీనామా నిశ్చయము తెలిపెను. డాలరు నెదుట పౌను విలువ 1985 తరువాత ఎన్నడును లేనంతగా పడిపోయెను. మరల వోటు జరుపుడని పార్లమెంటుకు పంపిన మహజరుపై నలుబది లక్షలకు మించి చేవ్రాళ్లు పడినవి. ఇంతవరకు ప్రజల హక్కే. కాని దానివెంట మరియొక మాట బయలుదేరినది: చదువు లేనివారు వోటు చేసిరి, ముసలివారు పిల్లల భవిష్యత్తును దోచిరి, ఫలితము వచ్చిన పిదప ఐరోపా సమాఖ్య యననేమో వెదకికొనిరి. ఆ వెదకినవారెందరో, వారిలో వోటు చేసినవారెందరో విచారింపకయే ఈ మూడవ కథ లోకమంతట తిరిగెను. యువకులలో నూటికి ఏడుపదులు ఉందమన్నారనియు, అరువదియైదేండ్లు దాటినవారిలో ఆరుపదులకు మించి వెడలుదమన్నారనియు పరిశీలకులు తేల్చినది సత్యమే. అంతమాత్రమున ముసలివాని వోటు సగమగునా?

ఈ వాదము మనకు చిరపరిచితము. చదువురాని జనులు రాజ్యవ్యవహారమునకు తగరని, ఆస్తియో అక్షరజ్ఞానమో మొదలగు అర్హతలు గలవారికి మాత్రమే 1935 చట్టము వోటునిచ్చినది. స్వతంత్ర భారతము 1951-52 ఎన్నికలలో నిశానీ వేయువారికిని సమానమైన వోటునిచ్చెను. లండను విద్యావంతులు 2016లో తమ యిరుగుపొరుగును గూర్చి పలికిన పలుకులను, వారి తాతలు మనలను గూర్చి పలికియున్నారు.

తిట్టువారు వోటు చేసిన ఊళ్లను చూచినచో సంగతి వేరుగా కనబడును. లంకాషైరునే తీసికొందము. బర్న్లీ పట్టణమున నూటికి 66 మందికి మించి వెడలుదమనిరి. ఓల్డామున దాదాపు 61. బ్లాక్‌బర్న్, డార్వెన్ పట్టణములు కలిసిన ప్రాంతమున 56. లంకాషైరు పేరు మన పెద్దలకు క్రొత్తది కాదు. మన సాలెల మగ్గములను మూలబెట్టించిన గుడ్డ అచ్చటి మిల్లులలో నేసినది. మనము విదేశవస్త్రమును బహిష్కరించినపుడు ఆ దెబ్బ కొంత తగిలినదియు ఆ కూలివారికే. 1931 సెప్టెంబరులో, రౌండ్ టేబుల్ సభకై లండను వెళ్లిన గాంధీమహాత్ముడు డార్వెనుకు పోయి వారిని కలిసికొనెను. తమ కష్టమునకు కారకుడని పత్రికలు చూపిన మనుష్యుని ఆ మిల్లు పనికత్తెలు చుట్టుకొని జయధ్వానములు చేసిరి. ఎదుటికి వచ్చి, మీ కష్టము కష్టమే, మావారి ఆకలి అంతకన్న పెద్దదని చెప్పినవానిపై వారు కోపగింపలేదు.

ఆ మిల్లులు పిదప మూతపడినవి. వానిలో పెక్కు బ్రిటను ఐరోపా కూటమిలో చేరిన 1973కు పూర్వమే మూతపడినవని గమనింపవలెను. లంకాషైరు పత్తిపరిశ్రమ క్షీణత మొదటి ప్రపంచయుద్ధానంతరముననే ఆరంభమైనది. బ్రస్సెల్సు ఉత్తరువు దానికి హేతువు కాదు. 2010 తరువాత స్థానికసంఘముల కిచ్చు ద్రవ్యమును కోసివేసినదియు లండను ప్రభుత్వమే. మరి కోపము సమాఖ్యపైకి ఏల మరలెను? ఆడలేక మద్దెల ఓడన్నట్లు, లండను మంత్రులు తాము చేయని ప్రతిపనికిని నలుబదియేండ్లు బ్రస్సెల్సును సాకుగా చూపుచు వచ్చిరి. చూపినవారే 2016లో, ఆ సమాఖ్యయే మనకు దిక్కని చెప్పగా జనులు నమ్మలేదు. అత్తమీది కోపము దుత్తపై తీరినది. డార్వెను కూలివారికి 1931లో ఎదుటికి వచ్చి మాటాడినవా డొకడుండెను. వారి మనుమల కడకు వచ్చినది ఎఱ్ఱబస్సు.

వోటుపత్రముపై నున్న ప్రశ్న ఉందుమా, వెడలుదుమా యన్నంతవరకే. వెడలి ఎచ్చట నిలుతుమన్న ప్రశ్న లేదు. ఉమ్మడి కుటుంబమునుండి వేరుపడు అన్నదమ్ములు బావి యెవరిది, దారి యెవరిది, అప్పు ఎవరిదని వ్రాసికొనక లేచిపోయిన నేమగునో మన గ్రామములలో తెలియనివారు లేరు. వోటు ముగిసిన పిదప ప్రతివాడును తన మనస్సులోని పంపకపు దస్తావేజే ప్రజల ఆజ్ఞ యనసాగెను. సుంకముల కూటమిలో నుండవచ్చునని కొందరు, ఉన్నచో ద్రోహమని కొందరు. ఉత్తర ఐర్లండున నూటికి 56 మంది, స్కాట్లండున 62 మంది ఉందమనిరి. ఐర్లండు రెండు భాగముల నడుమ మరల సరిహద్దు కావలి లేకుండ చూచుటకై, తుదకు బ్రిటనునుండి తన రాజ్యభాగమే యైన ఉత్తర ఐర్లండుకు పోవు సరకులకే తనిఖీ పెట్టవలసివచ్చెను. దారి తగాదా యనగా నిదియే.

ఈ సందిగ్ధమున ప్రజలను మాట ఆయుధమాయెను. పార్లమెంటు అనుమతి లేక ప్రభుత్వము వెడలుటకు నోటీసు ఈయరాదని 2016 నవంబరులో ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పగా, ఆ న్యాయమూర్తులు ప్రజాశత్రువులని డెయిలీ మెయిలు పత్రిక పెద్దయక్షరములతో ప్రకటించెను. పార్లమెంటు అధికారమును నిలుపుటకే వోటు చేసితిమన్నవారికి, ఆ యధికారమును నిలిపిన న్యాయమూర్తులు శత్రువులైరి! 2017 జనవరిలో సుప్రీముకోర్టు ఎనమండుగురు ముగ్గురిగా ఆ తీర్పునే నిలిపినది. మాటలు మాటలతో నాగలేదు. వోటుకు వారముదినముల ముందే పార్లమెంటు సభ్యురాలు జో కాక్సు నడివీథిలో హత్యచేయబడెను. 2016 జూలైలో ఇంగ్లాండు, వేల్సులలో జాతిమతద్వేష నేరములు అంతకుముందటి సంవత్సరపు జూలైకన్న నూటికి 41 వంతులు హెచ్చినవి. మీ దేశమునకు పొండని అరపించుకొన్నవారిలో ఐరోపావారే కాక, అచ్చటనే పుట్టిన భారతీయులును గలరు.

2020 జనవరి 31న బ్రిటను వెడలిపోయినది. పరదేశీయుల రాక తగ్గునని వోటు చేసినవారికి కలిగిన ఫలమును చూడుడు: వచ్చినవారికిని పోయినవారికిని గల తేడా 2023 జూనుతో ముగిసిన సంవత్సరమున తొమ్మిదిలక్షలకు మించినది. ఐరోపావారు తగ్గిరి, ఇతరులు పెరిగిరి. 2022 నాటికి విద్యార్థి వీసాలు పొందినవారిలో చైనావారిని దాటి భారతీయులు ప్రథమస్థానమున నిలిచిరి. హైదరాబాదునుండియు విజయవాడనుండియు పొలమమ్మియో, కుదువపెట్టియో పంపబడిన మన పిల్లలు వారిలో పెక్కురు. వారిపైకి ఆ కోపము మరలుట కెంతో కాలము పట్టలేదు. 2024 జనవరినుండి పెక్కు చదువులకు వెళ్లువారు భార్యాబిడ్డలను వెంటగొని పోరాదని నియమించిరి. పిల్లలను పంపు తండ్రులు ఆ దేశపు విశ్వవిద్యాలయముల పట్టికలతోబాటు దాని వోటుల పట్టికలను గూడ చూచుట మంచిది.

ఇటీవలి అభిప్రాయ సేకరణములలో, వెడలుట పొరపాటైనదనువారే హెచ్చుగా కానవచ్చుచున్నారు. అయినను 2024లో గద్దెనెక్కిన లేబరు ప్రభుత్వము సమాఖ్యలో మరల చేరుదమను మాట ఎత్తలేదు. 2025 మే 19న లండనులో సమాఖ్యతో ఒడంబడిక కుదుర్చుకొని, ఐరోపా పడవలు బ్రిటను జలములలో చేపలు పట్టుటకు 2038 వరకు అనుమతి నిచ్చెను. ఇది ద్రోహమని ఒక పక్షమువారు, ఇది చాలదని మరియొక పక్షమువారు నాడే కేకలు వేసిరి. ఆ యొడంబడికలోని షరతులు బర్న్లీ పౌరునికి ఎంత మేలో, ఎంత కీడో ఆ యూరికి పోయి చెప్పిన మంత్రి పేరు మాకు పత్రికలలో కనబడలేదు.