ఇంజిన్ దగ్గితే ముందేం చూస్తారు?

‘పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, ఇంధనం నిష్పత్తి ఎంత?’ అని ఇంటర్వ్యూలో అడిగితే టక్కున చెప్పేస్తాం: బరువు లెక్కన సుమారు 15:1. ‘సరే, చిన్న విమానం టేకాఫ్‌కు సిద్ధమైంది. ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోంది. ముందేం చూస్తావు?’ అంటే మాత్రం నోరు పెగలదు. నాదీ ఒకప్పుడు అదే పరిస్థితి. నిష్పత్తి బట్టీపట్టాను కానీ, దాంతో ఏం చేయాలో ఆలోచించలేదు.

సెస్నా 172ఎస్‌నే తీసుకోండి. ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు, వాటికి కరెంటు ఇచ్చే మాగ్నెటోలు రెండు. టేకాఫ్‌కు ముందు 1800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో మీద ఇంజిన్‌ను నడిపి చూస్తారు. తగ్గుదల 150 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 మించకూడదు. ఒకదాని మీద సాఫీగా నడిచి, రెండోదాని మీద కుదుపులు వచ్చాయా? ఇంధనం రెండుసార్లూ అదే కదా! కాబట్టి అనుమానం ఆ మాగ్నెటో, దాని వైర్లు, ప్లగ్‌ల మీదికి వెళ్లాలి.

అలాగని వెంటనే స్పానర్ పట్టుకోవద్దు. నేల మీద మిశ్రమంలో ఇంధనం ఎక్కువైతే ప్లగ్‌లకు మసి పడుతుంది. విమాన పెట్రోల్‌లోని సీసం కూడా పేరుకుంటుంది. అందుకే ఆర్‌పీఎం పెంచి, మిశ్రమంలో ఇంధనం కాస్త తగ్గించి, ప్లగ్‌లను వేడెక్కనిస్తారు. మళ్లీ పరీక్షిస్తారు. సరైపోతే దోషి మసే. కాకపోతే విమానం ఎగరదు, హ్యాంగర్‌కు వెనక్కి వెళ్తుంది.

గాల్లో కథ వేరు. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. ఇంధనం తగ్గించకపోతే మిశ్రమం చిక్కనై ఇంజిన్ కుదుపుతుంది. మరీ తగ్గించినా కుదుపే! లక్షణం ఒకటే, కారణాలు రెండూ పూర్తిగా వ్యతిరేకం. ఊహించి చెప్పేవారు ఇక్కడే దొరికిపోతారు.

ఈ రంగంలోకి రావాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. బీటెక్ పట్టా ఒక్కటే ఉంటే విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం చేయలేరు. దానికి డీజీసీఏ ఇచ్చే మెయింటెనెన్స్ ఇంజినీర్ లైసెన్సు కావాలి. పిస్టన్ విమానాలకు అందులో బీ1.2 విభాగం ఉంది.

సాఫ్ట్‌వేర్‌కే వెళ్తారా? అక్కడా సూత్రం ఇదే: ఒకసారికి ఒక్కటే మార్చండి, ఫలితం చూడండి, తర్వాతే తీర్పు చెప్పండి. ఇంటర్వ్యూలో జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు. ‘ముందు ఇది చూస్తాను, ఎందుకంటే...’ అని మొదలుపెట్టండి. మీరెలా ఆలోచిస్తారో వాళ్లకు తెలిసేది అక్కడే.