వాతావరణ నిధులు, రవాణా పథకాలపై పార్లమెంటరీ సంఘాల నిఘా గురించి ప్రయాణికుల తీర్మానం

విజయవాడ నగర బస్సుల్లో రోజూ తిరిగే ప్రయాణికులు ఏర్పరచుకొన్న సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ప్రతిపాదించగా, కోశాధికారి బలపరచగా, రెండు సవరణలతో ఆమోదం పొందిన తీర్మానం పూర్తి పాఠం ఇది.

స్వచ్ఛ ఇంధనం పేరుతో కేంద్ర ప్రభుత్వం 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసింది. అది 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలయింది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి సింగరేణి నుంచి వచ్చినా, ఒడిశాలోని తాల్చేరు నుంచి వచ్చినా, ప్రతి టన్ను మీదా ఈ సెస్సు పడింది. ఒక యూనిట్ కరెంటు తీయడానికి ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుందనుకుంటే, యూనిట్‌కు పావు రూపాయి అటూ ఇటూ భారం. కరెంటు బిల్లులో ఆ మాట విడిగా అచ్చు కాలేదు కాబట్టి కట్టినవాళ్లెవరికీ కట్టినట్టు తెలియలేదు.

2010-11 నుంచి 2017-18 దాకా ఈ సెస్సు కింద వసూలైనది 86,440 కోట్ల రూపాయలు. అందులో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి చేరినది 29,645 కోట్లు. నిధిలోంచి నిజంగా ఖర్చయినది 15,911 కోట్లు. వంద రూపాయలు వసూలు చేసి, పద్దెనిమిదింటిని చెప్పిన పనికి వాడారన్నమాట. 2017 జులైలో జీఎస్టీ రావడంతో సెస్సు పేరు మారి, రాష్ట్రాలకు నష్టపరిహారం చెల్లించే ఖాతాలో కలిసిపోయింది. ఆ డబ్బు ఎవరో మింగేశారని ఈ సమావేశం అనడం లేదు. పరిహారంలో మన రాష్ట్రానికీ వాటా అందింది. 2025 సెప్టెంబరులో బొగ్గు మీద ఆ సెస్సు ఎత్తేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఇప్పుడు బొగ్గు పన్నులో స్వచ్ఛ ఇంధనం అనే పేరు కూడా మిగల్లేదు. ఒక పనికని వసూలు చేసిన సొమ్ము వేరే పనికి మళ్లుతున్నప్పుడు, ఆ మళ్లింపును ఎవరు ఎక్కడ ప్రశ్నించాలి అన్నదే ఈ తీర్మానానికి మూలం.

ఆ చోటు సభ కాదని అనుభవం చెబుతోంది. 2023 మార్చి 23న దాదాపు 45 లక్షల కోట్ల రూపాయల కేంద్ర బడ్జెట్ లోక్‌సభలో గొడవ మధ్య, చర్చ లేకుండా గట్టెక్కింది. గిలెటిన్ పడినప్పుడు, అంటే గడువు ముగిసి మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఓటుకు పెట్టినప్పుడు, ఏ శాఖ పద్దయినా ఒక్క 'అవును'తో దాటిపోతుంది. మిగిలిన దిక్కు పార్లమెంటరీ స్థాయీ సంఘాలే. 1993లో 17 సంఘాలతో మొదలైన ఈ ఏర్పాటులో 2004 నుంచి 24 సంఘాలున్నాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి పది మంది. మంత్రులకు అందులో చోటు లేదు. తలుపులు మూసుకొని కూర్చుంటారు కాబట్టి కెమెరాల కోసం అరవాల్సిన అవసరం ఉండదు. శాఖ కార్యదర్శి ఎదురుగా కూర్చొని, ఇంత కేటాయిస్తే ఇంతే ఎందుకు ఖర్చయిందో చెప్పాలి. అంత పని జరిగే చోటు పార్లమెంటులో మరొకటి లేదని ఈ సమావేశం భావిస్తున్నది. అలాంటి సంఘాలను 2024 ఎన్నికల తర్వాత సెప్టెంబరు 26 దాకా ఏర్పాటే చేయలేదు. ఆ జులైలో పెట్టిన బడ్జెట్ పద్దులు వాటి కంట పడకుండానే ఆమోదం పొందాయి.

స్థాయీ సంఘం పని చేస్తే ఏమవుతుందో 2025 మార్చిలో చూశాం. పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖను చూసే స్థాయీ సంఘం ఆ నెలలో ఇచ్చిన నివేదికలో ఒక పద్దు బయటపెట్టింది. కాలుష్య నియంత్రణ పథకానికి 2024-25లో 858 కోట్లు కేటాయిస్తే, జనవరి 21 నాటికి ఖర్చయినది 7 కోట్ల 22 లక్షలు. నూటికి ఒక్క రూపాయి కూడా కాదు. పథకాన్ని 2025-26 దాకా కొనసాగించే అనుమతి ఇంకా రాలేదన్నది శాఖ ఇచ్చిన జవాబు. ఆర్థిక సంవత్సరం మూడొంతులు దాటాక కూడా 'అనుమతి రాలేదు' అన్న జవాబు పార్లమెంటు కమిటీ ముందు చెల్లిందంటే, మున్సిపల్ కార్యాలయంలో మనకు వినపడే 'ఫైలు పైన ఉంది' అన్న మాటకు ఆశ్చర్యపోవలసిన పని లేదు. సంఘం తన విస్మయాన్ని రాతపూర్వకంగా చెప్పినందుకు ఈ సమావేశం అభినందిస్తున్నది. అభినందన వరకే, ఎందుకంటే ఆ సిఫార్సుకు ప్రభుత్వం కట్టుబడి ఉండాలన్న నియమం లేదు.

బస్సు విషయానికొస్తే చిక్కు మరింత ముదురుతుంది. విజయవాడకు ఎలక్ట్రిక్ బస్సు రావలసింది పీఎం ఈ-బస్ సేవ కింద. 2023 ఆగస్టు 16న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో దేశానికి పది వేల బస్సులు, అంచనా వ్యయం 57,613 కోట్లు, కేంద్రం వాటా 20,000 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌కు 11 నగరాలకు కలిపి 750 బస్సులు. బస్సు ప్రైవేటు కంపెనీది, తిరిగిన కిలోమీటర్ల లెక్కన ఆ కంపెనీకి చెల్లింపు. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24 రూపాయలు, 9 మీటర్ల దానికి 22, చిన్నదానికి 20 చొప్పున కేంద్రం పదేళ్లపాటు సాయం చేస్తుంది. ఇది గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ పద్దు. హైదరాబాదుకు కేటాయించిన 2,000 బస్సులది మాత్రం వేరే దారి. అవి 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లోవి. 40 లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాలకని కేటాయించినవి, భారీ పరిశ్రమల శాఖ పద్దు. రెండు నగరాల మధ్య 275 కిలోమీటర్ల దూరమే ఉన్నా, ఒకరి బస్సును లోక్‌సభ సచివాలయం నడిపే సంఘం చూస్తుంది, మరొకరి బస్సును రాజ్యసభ సచివాలయం నడిపే సంఘం చూస్తుంది. చార్జింగుకు కరెంటు కావాలంటే విద్యుత్ శాఖ, అది మూడో సంఘం. పర్మిట్లూ రోడ్లూ రవాణా శాఖ, అది నాలుగోది. నగరంలో గాలి బాగుపడిందా అన్నది పర్యావరణ శాఖ, అది అయిదోది. అయిదుగురిలో ఎవరికీ మొత్తం బస్సు కనపడదు.

గాలి నిధుల సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో దాదాపు 130 నగరాలున్నాయి. మన రాష్ట్రం నుంచి 13, తెలంగాణ నుంచి 4. పది లక్షలు దాటిన నగరం కాబట్టి విజయవాడకు ఆ డబ్బు 15వ ఆర్థిక సంఘం గ్రాంటుగా వచ్చింది. దేశవ్యాప్తంగా ఈ కార్యక్రమం కింద ఇచ్చిన 10,566 కోట్లలో 64 శాతం రోడ్డు దుమ్ము అణచడానికే పోయిందని, వాహనాల పొగకు 12.63 శాతమే దక్కిందని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క కట్టింది. దుమ్ము ఊడ్చే యంత్రం తప్పని ఎవరూ అనరు. బందరు రోడ్డు మీద యంత్రం ఊడ్చుకుంటూ వెళ్లాక, అదే రోడ్డు మీద బస్సు కోసం నిలబడి నిలబడి విసిగినవాడు ఆటో ఎక్కుతాడు, ఓపిక నశించినవాడు వాయిదాల్లో బండి కొంటాడు. యంత్రం ఊడ్చినదాని కంటే ఆ బండ్లు వదిలే పొగ ఎక్కువా తక్కువా అని ఏ పద్దులోనూ రాయరు.

మెట్రో మాట ముసాయిదాలో మొదట చాలా కటువుగా ఉంది. విజయవాడ మెట్రో వద్దనే వాక్యం అందులో ఉండగా, గుంటూరు నుంచి రోజూ వచ్చే సభ్యులు అభ్యంతరం చెప్పారు. విభజన చట్టం 13వ షెడ్యూలులో విజయవాడ-గుంటూరు-తెనాలి, విశాఖ మెట్రోల సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాసి ఉందనీ, రాసినదాన్ని మనమే వదులుకోవడమేమిటనీ వారు వాదించారు. వాదన బాగానే సాగింది. చివరకు ఆ వాక్యం తీసేసి కింది భాగం చేర్చారు. 2022లో పట్టణ వ్యవహారాల స్థాయీ సంఘం మెట్రోలపై ఇచ్చిన నివేదికలో, చాలా నగరాల్లో ప్రయాణికుల సంఖ్య వేసిన అంచనాలకు చాలా దూరంలో ఉందనీ, స్టేషన్ నుంచి ఇంటిదాకా చేరే ఏర్పాటు లేకపోవడం ఒక కారణమనీ చెప్పింది. ఆ నివేదిక చదివాక కూడా కొత్త అంచనాను పాత అంచనాల పక్కన పెట్టి చూడకపోవడం తెలివైన పని కాదు.

కాబట్టి ఈ సమావేశం తీర్మానిస్తున్నదేమనగా:

విజయవాడ, గుంటూరు లోక్‌సభ సభ్యులు, ఆంధ్రప్రదేశ్ రాజ్యసభ సభ్యులు తమ పరిధిలోని స్థాయీ సంఘాల్లో పీఎం ఈ-బస్ సేవ మంజూరును నగరాలవారీగా అడగాలి. మంజూరైనవెన్ని, ఆర్డరు ఇచ్చినవెన్ని, డిపోకి చేరినవెన్ని, రోజూ రోడ్డెక్కుతున్నవెన్ని అన్న నాలుగు అంకెలు తేదీలతో సహా నివేదికలో అచ్చు వేయించాలి. మొత్తం ఇంత అన్న ఒకే అంకెతో సరిపెట్టుకోవడాన్ని ఈ సమావేశం అంగీకరించదు.

నగర బస్సుకు సంబంధించిన అయిదు సంఘాలు ఏటా పద్దుల పరిశీలన సమయంలో ఒక్కసారైనా ఉమ్మడిగా కూర్చోవాలి. కుదరకపోతే కనీసం ఒక ఉపసంఘం వేసి, వాతావరణం పేరుతో వసూలైనదీ ఖర్చయినదీ ఒకే పట్టికలో ఇవ్వాలని లోక్‌సభ స్పీకర్‌ను, రాజ్యసభ ఛైర్మన్‌ను కోరుతున్నాం. వసూలు పేరు మారిస్తే ఆ మార్పు కూడా పట్టికలో కనపడాలి.

స్థాయీ సంఘం సిఫార్సుకు మూడు నెలల్లో జవాబు రావాలన్నది నియమం. లోక్‌సభ స్పీకర్ ఆదేశం 73-ఏ ప్రకారం సిఫార్సుల అమలుపై మంత్రి ఆరు నెలలకోసారి సభలో ప్రకటన చేయాలి. ఈ ప్రకటనలు బల్ల మీద పెట్టేసి పోయే కాగితాలుగా మిగలకుండా, ఏడాదికి ఒక రోజయినా వాటిపై చర్చ జరగాలి. జవాబు సరిగా లేని సిఫార్సులూ, తుది జవాబు రాని సిఫార్సులూ చర్యల నివేదికలో విడి అధ్యాయాలుగానే ఉంటాయి. చదవడం మొదలుపెట్టవలసింది ఆ అధ్యాయాల నుంచే.

విద్యుత్ వాహనాల రాయితీలు, ఈ-బస్సుల కాంట్రాక్టులపై కాగ్ తనిఖీ చేసి ప్రజా పద్దుల సంఘానికి నివేదించాలి. స్వదేశీ విడిభాగాల నిబంధన పాటించకుండా రాయితీ తీసుకొన్న కొన్ని కంపెనీలను డబ్బు వెనక్కి కట్టమని భారీ పరిశ్రమల శాఖే 2023లో అడిగింది. అలాంటిది కిలోమీటరు లెక్కన పదేళ్లు సాగే చెల్లింపులో, తిరిగిన కిలోమీటర్లను లెక్కపెట్టేదెవరో ముందే తేలాలి.

మెట్రోకు తుది అనుమతి ఇచ్చే ముందు, ఇప్పటికే నడుస్తున్న మెట్రోల అంచనా ప్రయాణికులు, అసలు ప్రయాణికులు, ఇక్కడి కొత్త అంచనా మూడూ పక్కపక్కన పెట్టి పట్టణ వ్యవహారాల స్థాయీ సంఘం ముందుంచాలి.

స్థాయీ సంఘాలు వినతులు పిలిచినప్పుడు ఇంగ్లీషులోనో హిందీలోనో పంపమంటున్నాయి. తెలుగులో రాసిన వినతులను సచివాలయమే అనువదించుకొని స్వీకరించాలి. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక పనికి వెళ్లే ఆడవాళ్లు కిక్కిరిసిన బస్సులో ఎలా వెళ్లొస్తున్నారో చెప్పగలిగినవాళ్లు ఆ రెండు భాషల్లో రాయగలిగినవాళ్లు కాకపోవచ్చునని ఒక సభ్యురాలు అనగా, ఈ భాగం రెండో సవరణగా చేరింది.

ఇక మన వంతు. విజయవాడకు వచ్చిన గాలి నిధులు ఏ పనికి ఎంత పోయాయో నగరపాలక సంస్థను సమాచార హక్కు చట్టం కింద అడిగే బాధ్యత కార్యదర్శిది. నెహ్రూ బస్‌స్టేషన్, బెంజ్ సర్కిల్, వన్‌టౌన్ స్టాపుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో బస్సుల రాకపోకలు రాసిపెట్టే పనికి పేర్లిచ్చిన సభ్యులు జాబితాలో సంతకం చేశారు. వచ్చే బడ్జెట్ సమావేశాల విరామంలో స్థాయీ సంఘాలు పద్దులు పరిశీలించే నాటికి ఆ రాతలు ఎంపీల చేతికి చేరాలి. తపాలా ఖర్చు ప్రయాణికుల సంఘం నిధి నుంచి.

తీర్మానం చేతులెత్తే పద్ధతిలో ఆమోదం పొందింది. మెట్రో భాగంపై ఇద్దరు సభ్యులు తటస్థంగా ఉన్నట్టు మినిట్సులో నమోదు చేశారు. ప్రతులు ఇద్దరు లోక్‌సభ సభ్యులకు, రాష్ట్ర రాజ్యసభ సభ్యులకు, పైన చెప్పిన అయిదు స్థాయీ సంఘాల సచివాలయాలకు, ప్రజా పద్దుల సంఘానికి స్పీడ్ పోస్టులో పంపాలి.